డిగ్రీ సైకాలజీలో తొలి ప్రాజెక్టు: ఇంట్లో మనం చేయగలిగేది



మన స్కూల్ పిల్లల అక్కలు, అన్నలు టేక్మాల్ నుంచి మెదక్, జోగిపేట, హైదరాబాద్ కాలేజీలకు వెళ్తుంటారు. వారిలో ఎవరైనా డిగ్రీలో సైకాలజీ తీసుకుంటే, ఒకరోజు ఇంటికొచ్చి "నాకు రీసెర్చ్ ప్రాజెక్టు ఇచ్చారు" అంటారు. వెంటనే తట్టే టాపిక్ ఒకటుంది: "సెల్‌ఫోన్ వల్ల పిల్లలు చెడిపోతున్నారా?"

అది మనందరి బాధే. కానీ పరిశోధనకు పనికొచ్చే ప్రశ్న కాదు. "చెడిపోవడం" అంటే ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం, దాన్ని కొలవలేం. ఇలా మార్చి చూడండి: "పడుకునే ముందు గంటకు మించి ఫోన్ చూసే తొమ్మిదో తరగతి పిల్లలు, చూడనివారి కంటే తక్కువ నిద్రపోతున్నారా?" ఇప్పుడు ఎవరిని అడగాలో, ఏం కొలవాలో తెలిసింది.

అయినా తేడా కనిపించగానే తప్పు ఫోన్ మీద వేయలేం. నిద్ర పట్టకే ఫోన్ తీస్తున్నారేమో! పరీక్షల భయం రెండింటికీ కారణమేమో! కారణం తేల్చాలంటే ప్రయోగం కావాలి.

అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో ప్రచురించిన ప్రయోగం చూడండి. 120 మంది డిగ్రీ విద్యార్థులతో ఒక పాఠాన్ని రెండుసార్లు చదివించారు. మరో పాఠాన్ని ఒకసారి చదివించి, గుర్తున్నది రాయమన్నారు. 5 నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివిందే బాగా గుర్తుంది. వారం తర్వాత అడిగితే లెక్క తిరగబడింది: రెండుసార్లు చదివింది 42 శాతం, చదివి రాసింది 56 శాతం. ప్రశ్న చిన్నదే, కానీ జవాబు మన పిల్లల చదువుకు ఈరోజుకీ పనికొస్తుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైంది అనుమతి. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల ప్రకారం 18 ఏళ్లలోపు వారితో అధ్యయనం చేయాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. 7 నుంచి 12 ఏళ్ల పిల్లలు నోటితో, ఆపై వయసువారు రాతపూర్వకంగా తాము కూడా ఒప్పుకోవాలి. కాబట్టి "అక్క ప్రాజెక్టే కదా, కూర్చో" అని తమ్ముణ్ణి బలవంతపెట్టకండి. వాడు మధ్యలో వద్దన్నా ఆపేయాలి. ఫారం మీద పేరు బదులు నంబరు వేస్తే చాలు.

వేరే ఇంటి విద్యార్థి మీ పిల్లల కోసం ఫారం తెచ్చినా సంతకానికి ముందు మూడు అడగండి: ఏం తెలుసుకోవాలని? మా బాబు జవాబులు ఎవరు చూస్తారు? వాడు వద్దంటే ఏం చేస్తారు?

చివరిగా ఒక మాట. "తేడా ఏమీ కనిపించలేదు" అన్నదీ ఫలితమే. మార్కులు పోతాయన్న భయంతో అంకెలు మార్చవద్దని, ఉన్నది ఉన్నట్టు రాయమని మీ పిల్లలకు చెప్పండి. గైడ్ కంటే ముందు ఆ ధైర్యం ఇవ్వాల్సింది మనమే.