ఏటి నీరు – ఆకాశపు నీరు

పఠనము: ద్వితీయోపదేశకాండము 11:8–17. ఇంటి ప్రార్థనలో ఈ వచనములను ముందుగా చదువుకొని, పిమ్మట పాఠమును చూడవలెను.



పరిశుద్ధ గ్రంథములోని దేశములు ఎట్టివో తెలియనియెడల కొన్ని వాక్యముల బరువు మనకు అందదు. మోషే యొర్దానుకు ఇవతల ఇశ్రాయేలీయులతో చెప్పిన ఈ మాటలు అట్టివే. మీరు విడిచివచ్చిన ఐగుప్తు ఒక విధమైన దేశము, మీరు ప్రవేశింపబోవు కనాను మరియొక విధమైన దేశము అని ఆయన వారికి తెలియజేయుచున్నాడు. అక్కడ వారు తమ కాలితో చేలకు నీరు పెట్టుకొనిరి. ఇక్కడి నేల ఆకాశమునుండి పడు వానను త్రాగును. కృష్ణా కాలువల క్రింద బ్రదుకు మనకు ఈ భేదము బాగుగా తెలియవలెను. ఏలయనగా సేద్యపు విషయములో మనము కనాను వారికంటె ఐగుప్తు వారికే దగ్గర చుట్టములము.

1. ఐగుప్తు దేశము

ఐగుప్తులో వాన లేదనినను తప్పుకాదు. కైరో పట్టణములో ఏడాది మొత్తముమీద కురియు వాన సుమారు 1 అంగుళము మాత్రమే. మన విజయవాడలో సుమారు 40 అంగుళములు కురియును. అయినను పూర్వకాలమున ఆ దేశము చుట్టుపట్ల జనములకు ధాన్యపు కొట్టుగా నుండెను. కరువు వచ్చినప్పుడు అబ్రాహాము అక్కడికే దిగిపోయెను. యాకోబు కుమారులు ధాన్యము కొనుటకు అక్కడికే పోయిరి. దీనికి కారణము నైలు నది.

ఈ నది 6,600 కిలోమీటర్లకు పైగా ప్రవహించి, ఉత్తరమునకు పోయి మధ్యధరా సముద్రములో కలియుచున్నది. కైరోకు దిగువన అది రెండు పాయలుగా చీలి, విసనకర్రవలె విశాలమైన డెల్టాను ఏర్పరచినది. దూరమున ఇథియోపియా కొండలమీద జూను మొదలు సెప్టెంబరు వరకు వానలు కురియును. ఆ నీరు దిగివచ్చి, ఐగుప్తులో మేఘమైనను కనబడని దినములలో వరదగా పొంగెడిది. వరద తీసిన తరువాత మిగిలిన ఒండ్రు మట్టిలో వారు విత్తనములు చల్లుచుండిరి. 1970లో ఆస్వాను పెద్ద ఆనకట్ట పూర్తియైనది మొదలు ఆ యేటేటి వరద ఆగిపోయినది. ఒండ్రు ఆనకట్ట వెనుకనే నిలిచిపోవుచున్నది.

కాలితో నీరు పెట్టుట యనగా ఏమి? మన రైతు బోదెగట్టున నిలిచి, మడవ తీయునప్పుడు కాలితో మట్టిని త్రోసి, మూయునప్పుడు కాలితోనే తొక్కును. మోషే మాటకు అర్థము ఇదే కావచ్చునని అనేకులు తలంచుచున్నారు. మన తాతలు ఎరిగిన ఏతము వంటిది ఐగుప్తులోను కలదు. వారి ప్రాచీన సమాధుల గోడలమీద దాని బొమ్మ నేటికిని చూడవచ్చును. మన ఏతముమీద మనిషి నడచి త్రొక్కును, వారు చేతితో లాగుదురు. అంతియే భేదము.

2. కనాను దేశము

కనానులోను యొర్దాను నది కలదు గదా, దాని నీటితో ఏల సేద్యము చేయలేదని మీరు అడుగవచ్చును. దేశపు ఎత్తుపల్లములే దీనికి జవాబు. యెరూషలేము సముద్రమట్టమునకు సుమారు 2,500 అడుగుల ఎత్తున నున్నది. యొర్దాను వచ్చి కలియు ఉప్పు సముద్రమైతే సముద్రమట్టముకంటె సుమారు 1,400 అడుగులు దిగువన నున్నది. అంత లోతున పారు నీటిని కొండ గ్రామములకు ఎక్కించుట ఆ దినములలో ఎవరివలన కాలేదు. కాబట్టి వారు కొండ ప్రక్కలను మెట్లు మెట్లుగా చెక్కి, రాళ్లతో గట్లు కట్టి, వానమీదనే పంట పండించుకొనిరి. త్రాగుటకు రాతిలో తొట్లు తొలిచి వాననీరు నిలువచేసికొనిరి.

అక్కడి వానకాలము మనకు తలక్రిందుగా నుండును. అక్టోబరు, నవంబరు నెలలలో తొలకరి వాన పడి గట్టి నేలను మెత్తబరచును. చలికాలమంతయు వానలు కురియును. మార్చి, ఏప్రిలు నెలలలో కడవరి వాన కంకిని నింపును. పస్కా నాటికి యవల కోత, పెంతెకొస్తు నాటికి గోధుమ కోత. ఆ పిమ్మట సెప్టెంబరు వరకు చుక్క పడుట బహు అరుదు.

ఇది తెలిసినయెడల 1 సమూయేలు 12:16–18 మనకు విశదమగును. గోధుమ కోతకాలమున ఉరుములును వర్షమును కలుగగా జనులు మిక్కిలి భయపడిరి. కోతలో వాన మనకు వింత కాదు. మన పనలు నవంబరు తుపానులలో ఎన్నిమార్లు తడిసినవో లెక్కలేదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన వేలాది ప్రాణములను తీసికొనిపోయినది కోతలకు ముందుగానే. అయితే ఆ దేశములో గోధుమ కోతనాడు వాన పడుట మనకు నడివేసవిలో కాలువ గట్టుదాటి పొంగినంత వింత.

3. మన కృష్ణా సీమ

మన పూర్వికులును ఒకప్పుడు కనాను వారివలె ఆకాశమువైపు చూచి బ్రదికినవారే. కృష్ణ వారి ప్రక్కనుండియే సముద్రమునకు పోయెడిది గాని, దాని నీరు చేలకు ఎక్కెడిది కాదు. 1832–33లో నందన నామ సంవత్సరపు కరువు వచ్చినప్పుడు ఒక్క గుంటూరు జిల్లాలోనే అయిదు లక్షలమందిలో సుమారు రెండు లక్షలమంది మడిసిరని ఆ కాలపు అంచనా. ఏరు ప్రక్కన ఉండగనే జనులు ఆకలితో పడిపోయిరి.

ఆ తరువాత ఇంద్రకీలాద్రికిని సీతానగరము కొండకును నడుమ ఏటికి అడ్డముగా ఆనకట్ట వేసిరి. గోదావరిమీద ధవళేశ్వరము ఆనకట్టను కట్టించిన ఆర్థరు కాటను దొర దీనికిని ప్రోత్సాహకుడు. కెప్టెన్ ఆర్ 1852 మొదలు 1855 వరకు పని జరిపించెను. గోడకు వెనుక నీటిమట్టము లేచినది. నేల సముద్రమువైపు మెల్లగా వాలియుండుటచేత, లేచిన నీరు ఇరుప్రక్కల కాలువలలో తనంతట తానే పారినది. 1952లో ఆనకట్ట తెగిపోగా, 1957లో ప్రకాశం బ్యారేజి పూర్తియైనది. నేడు తూర్పు, పశ్చిమ కాలువల క్రింద సుమారు 13 లక్షల ఎకరముల ఆయకట్టు కలదు. ఈ విధముగా మనము ఆకాశపు నీటి దేశమునుండి ఏటి నీటి దేశమునకు వచ్చితిమి.

అయితే ఆ ఏటి నీరు ఎక్కడిది? కృష్ణ మహారాష్ట్రలోని మహాబలేశ్వరము కొండలలో పుట్టి, కర్ణాటక, తెలంగాణముల మీదుగా సుమారు 1,400 కిలోమీటర్లు నడచి మనయొద్దకు వచ్చుచున్నది. పట్టిసీమ యెత్తిపోతల పథకము ఏర్పడిన పిమ్మట గోదావరి నీరును బ్యారేజి ఎగువన దీనితో కలియుచున్నది. మన పొలములో పారు నీరు మనము చూడని కొండలమీద పడిన వానయే. లస్కరు తలుపు ఎత్తగలడు గాని వాన కురిపింపలేడు. ఐగుప్తువాడు వానతో తనకు పనిలేదనుకొనెను. అతని నైలు కూడ పరదేశపు వానయే.

4. మనకు పాఠము

యెహెజ్కేలు 29:3 చదువుడి. ఈ నది నాది, నేనే దీనిని చేసికొంటిని అని ఫరో అతిశయించినందుకు దేవుడు అతనికి విరోధినని పలికెను. నీరు వంతున వచ్చు ప్రతి స్థలములోను ఈ శోధన కలదు. 1959లో ఐగుప్తును సూడానును నైలు నీటిని ఒడంబడికచే పంచుకొన్నవి. 2025 సెప్టెంబరులో ఇథియోపియా నీలి నైలుమీద పెద్ద ఆనకట్టను ప్రారంభించినది, ఐగుప్తు కలవరపడుచున్నది. కృష్ణ నీటిని బచావతు ట్రిబ్యునలు 1970 దశకములో మూడు రాష్ట్రములకు పంచిపెట్టినను తగవులు సమసిపోలేదు.

రాజ్యముల తగవు మనము తీర్చలేము. మన బోదెమీది తగవు మన చేతిలోనిదే. కాలువ మొదట నున్న రైతు తన వంతు కానప్పుడు రాత్రివేళ మడవ తీసినయెడల, శివారు పొలము ఎండును. శివారు ఎండినప్పుడు నష్టపోవువాడు ఆ రైతు ఒక్కడే కాడు. నాట్లు పడకపోగా, సెంటు భూమి లేక కూలిమీద బ్రదుకు కుటుంబములకు ఆ నెల అన్నము పోవును. మన సంఘములలో అట్టి కుటుంబములు ఎన్ని గలవో మీరెరుగుదురు. వంతు తప్పి నీరు తీసికొన్నవాడును, దానివలన పని పోగొట్టుకొన్నవాడును ఆదివారమున ఒకే ప్రభువు బల్లయొద్దకు వచ్చుచున్నారు.

ద్వితీయోపదేశకాండము 11:17లో దేవుడు ఆకాశమును మూయుటను గూర్చిన హెచ్చరిక కలదు. దీనిని పట్టుకొని, ఎండిపోయిన శివారు గ్రామమును చూచి, వారి పాపమువలన దేవుడు వారిని శిక్షించెనని ఎవరును అనకూడదు. మత్తయి 5:45 ప్రకారము ఆయన నీతిమంతులమీదను అనీతిమంతులమీదను వాన కురిపించుచున్నాడు. అనేక సంవత్సరములలో శివారుకు ఆకాశము మూయబడలేదు, ఎగువ మనిషిచేత మడవ మూయబడినది. మన చేతి పనిని దేవునిమీద వేయుట ఘోరము.

ఇస్సాకు చేసిన దానిని ఆదికాండము 26:17–22లో చూడుడి. త్రవ్విన బావికొరకు గెరారు కాపరులు జగడమాడగా, అతడు విడిచిపెట్టి వేరొకటి త్రవ్వించెను. దానికిని జగడమాడిరి, మరల త్రవ్వించెను. తుదకు జగడము లేని బావి దొరికినప్పుడు, దేవుడు తమకు ఎడము కలుగజేసెనని సంతోషించెను. నీటికొరకు పొరుగువానిని పోగొట్టుకొనుట అతనికి ఇష్టము లేకపోయెను.

కాబట్టి కాలువలు వదలుటకు ముందు ప్రతి సంఘమును ఒక దినము ఏర్పరచుకొని, ప్రార్థన చేసి, బోదెల పూడిక తీయుటలో ఊరివారందరితో కలిసి పనిచేయునుగాక. కోతపండుగనాడు ధాన్యము తెచ్చునప్పుడు, ఆ యేడు నీరు అందని శివారు సంఘమునకు ఒక పాలు పంపునుగాక.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. యొర్దాను నది ఉండియు కనానువారు వానమీద ఏల ఆధారపడిరి?
2. మన కాలువలోని నీరు ఏయే దేశభాగములనుండి వచ్చుచున్నది? పిల్లలచేత పటములో చూపించుడి.
3. మన ఊరి బోదెకు చివర ఎవరి పొలమున్నది? పోయిన సార్వాలో అక్కడికి నీరు చేరెనా?

ప్రార్థన: తండ్రీ, మేము చూడని కొండలమీద నీవు కురిపించిన వాన మా అన్నమైనది. దానిని మాదని అనకుండను, మా దిగువ నున్నవారికి ఆపకుండను మమ్మును కాపాడుము. ఆమేన్.