పాత ట్రాక్టరు కొన్నారా? ముందు క్లచ్ ప్లే చూసుకోండి

సెకండ్ హ్యాండ్ ట్రాక్టరు కొనే రైతు టైర్లు చూస్తాడు, ఇంజను పొగ చూస్తాడు. క్లచ్ సంగతి మాత్రం దమ్ములో ఇంజను మోతే తప్ప చక్రం కదలనప్పుడు గాని గుర్తుకు రాదు. క్లచ్ ప్లేటు మార్చాలంటే ట్రాక్టరును నడిమికి రెండుగా విడదీయాలి. ప్లేటు ఖరీదు, మెకానిక్ కూలి ఒక ఎత్తు. నాట్ల అదునులో బండి షెడ్డులో ఉండిపోవడం ఇంకో ఎత్తు. రెండు పానాలతో చేసుకునే చిన్న సర్దుబాటుతో ప్లేటును ఎక్కువ కాలం కాపాడుకోవచ్చు.

ప్లే అంటే...

పెడల్‌ను చేత్తో నొక్కితే మొదట కొంత దూరం వదులుగా దిగి, తర్వాత గట్టిగా తగులుతుంది. ఆ వదులు దూరమే ప్లే. చాలా ట్రాక్టర్లలో ఇది 25 నుంచి 40 మిల్లీమీటర్లు, అంటే ఇంచు నుంచి ఇంచున్నర. మోడల్‌ను బట్టి మారుతుంది గనుక కంపెనీ పుస్తకంలోని కొలతే లెక్క. పుస్తకం లేకపోతే డీలరును అడిగి తెలుసుకోవాలి.

ప్లేటు అరిగే కొద్దీ లోపలి ఫింగర్లు బేరింగు వైపు జరిగి ప్లే తగ్గుతుంది. పూర్తిగా పోతే, కాలు పెట్టకపోయినా పెడల్ తొక్కి ఉంచినట్టే. ప్లేటు జారి మాడుతుంది, బేరింగు పాడవుతుంది. ప్లే మరీ ఎక్కువైతే క్లచ్ పూర్తిగా విడవదు. గేరు గరగరమంటుంది, పెడల్ తొక్కినా బండి పాకుతుంది. వెనక మనిషి పనిముట్టు తగిలిస్తున్నప్పుడు ఇలా జరిగితే ప్రాణానికే ముప్పు.

సరిచేసే పద్ధతి

బండిని చదును నేలమీద ఆపి, ఇంజను కట్టేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు పెట్టాలి. పెడల్ పక్కలకు ఊగుతుంటే బుష్ అరిగినట్టు. ముందు అది మార్చాలి, లేకపోతే కొలత తప్పుతుంది.

పెడల్ పక్కన స్కేలు నిలబెట్టి ప్లే కొలవండి. పెడల్ నుంచి వెళ్లే రాడ్డు చివర పిన్నుతో బిగించిన యోకు, దాని వెనక లాక్‌నట్ ఉంటాయి. లాక్‌నట్ వదులు చేసి, పిన్ను తీసి, యోకును ఒక చుట్టు తిప్పి, మళ్లీ తగిలించి కొలవండి. ప్లే పెరగవలసింది తగ్గితే రెండోవైపు తిప్పాలి. కొలత కుదిరాక లాక్‌నట్ బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ వేయండి. తీగముక్కతో కట్టి వదలొద్దు.

ఇంజను స్టార్టు చేసి, పెడల్ పూర్తిగా తొక్కి కొద్దిగా ఆగి గేరు వేస్తే శబ్దం లేకుండా పడాలి. తర్వాత ముందూ వెనకా మనుషులు లేని చోట, బ్రేకు గట్టిగా వేసి, పెద్ద గేరులో పెడల్‌ను మెల్లగా వదలండి. ఇంజను ఆగిపోవాలి. ఆగకుండా తిరుగుతుంటే ప్లేటు జారుతున్నట్టే. ఈ పరీక్ష ఒక్కసారికి మించి చేయొద్దు, ప్లేటు వేడెక్కుతుంది.

డబుల్ క్లచ్ బండ్లలో పెడల్ సగం తొక్కితే చక్రాలు, పూర్తిగా తొక్కితే రోటావేటరు తిప్పే షాఫ్టు ఆగుతాయి. వీటికీ పెడల్ ప్లే మనం చూసుకోవచ్చు. లోపలి స్క్రూలు మాత్రం మెకానిక్‌కే వదలాలి.

కొనేముందు

రాడ్డు మరలు చూడండి. సర్దుబాటుకు ఇక చోటు లేకుండా చివరిదాకా తిప్పేసి ఉంటే ప్లేటు ఆయుష్షు చివరికొచ్చిందని అనుమానించాలి. ధర మాట్లాడేటప్పుడు ఆ ఖర్చు తగ్గించి మాట్లాడుకోవాలి. ప్లే సరిగ్గా ఉన్నా క్లచ్ జారుతుంటే ప్లేటు అరిగిపోయి ఉండాలి, లేదా సీలు పోయి దానికి ఆయిలు అంటుకుని ఉండాలి. రాడ్డు ఎంత తిప్పినా లాభం లేదు.

నడిపేటప్పుడు పెడల్ మీద కాలు ఆనించి ఉంచకూడదు. బురదలో దిగబడితే హాఫ్ క్లచ్‌తో లాగించకూడదు. కొన్ని మోడళ్లలో క్లచ్ హౌసింగు అడుగున ప్లగ్గు ఉంటుంది. దమ్ముకు ముందు అది బిగించి, పని అయ్యాక విప్పి, లోపలి నీరు కారిపోనివ్వాలి. పని రోజుల్లో వారానికోసారి పెడల్‌ను చేత్తో నొక్కి చూసుకుంటే ప్లే తగ్గిన సంగతి ముందే తెలుస్తుంది.