సంకరజాతి గూళ్లను విత్తనానికి ఉంచరాదు, ఎందుకు?



కోలారు, శిడ్లఘట్ట, హోసూరు వైపు మన పల్లెల్లో పెంచే పసుపు గూళ్ల సంకరజాతికి తల్లి మైసూరు జాతి, తండ్రి సి.ఎస్.ఆర్-2 అనే బైవోల్టిన్ జాతి. గూళ్లు బాగా వచ్చినప్పుడు, "వీటిలోనే కొన్ని చిలుకలు ఉంచుకుంటే గుడ్ల ఖర్చు మిగులుతుంది కదా సార్" అని అడిగేవారున్నారు. మిగలదు.

పురుగు ఒంట్లో ప్రతి కణంలోనూ అన్ని జన్యువులూ ఉంటాయి. కాని అన్నీ అన్నిచోట్లా పనిచేయవు. పట్టు తయారుచేసే జన్యువు పట్టు గ్రంథిలోనే మేలుకుంటుంది. గుడ్డు పది రోజుల్లో పగలాలా, నెలల తరబడి నిద్రపోవాలా అన్నది తల్లి నిర్ణయం. తల్లి ప్యూపాగా ఉన్నప్పుడు తలలోని నరాల ముడి నుండి ఒక హార్మోను వెలువడితే గుడ్లు నిద్రపోతాయి. బైవోల్టిన్ తల్లి తాను గుడ్డుగా ఉన్నప్పుడు 25 డిగ్రీల వెచ్చదనంలో పొదిగితే ఆ హార్మోను వెలువడుతుంది. 15 డిగ్రీల చీకటి గదిలో పొదిగితే వెలువడదు. జన్యువు అదే, మేలుకోవడంలోనే తేడా! మైసూరు తల్లికి ఈ బెడద లేదు. అందుకే తండ్రి బైవోల్టిన్ అయినా గుడ్లు ఆమ్ల చికిత్స లేకుండానే పగులుతాయి.

మీ పంటలోని చిలుక తల్లి అయితే ఆమెలో రెండు వైపుల జన్యువులూ ఉంటాయి. గుడ్లు ఒక్కసారిగా పగలవు. పిల్లల్లో జన్యువులు విడిపోయి ఒకటి తాతను, ఒకటి అవ్వను పోలి, జ్వరానికి ఒక్కొక్కటి ఒక్కో రోజు కూర్చుంటుంది. ఆకు ఎవరికి వేయాలి? పైగా తల్లి చిలుకను పరీక్షించకపోతే పెబ్రిన్ గుడ్డులోనే వస్తుంది.

గుడ్ల కార్డుపై రెండు జాతుల పేర్లుంటాయి. మొదటిది తల్లిది. చూసి తీసుకోగలరు.