ఇంటి మరమ్మతులు: ప్రశ్నలు - జవాబులు

గోదావరి పాయలు గౌతమికీ వసిష్ఠకీ మధ్య కాపురం కదా, ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ నీటితో తగవులే. ఏది బాగుచెయ్యాలన్నా ముందు నీరు ఎటు నుంచి వస్తోందో చూసుకోండి.

ప్రశ్న: మాది బంగాళా పెంకుటిల్లు అండి. కొబ్బరికాయ రాలి పెంకులు పగిలాయి. సిమెంటు పూయించినా మళ్లీ కారుతోంది. (కొత్తపేట)

జవాబు: పెంకూ సిమెంటూ ఎండకు ఒకేలా సాగవు, అందుకే అతుకు విడిపోతుంది. పెంకు మార్చడమే దారి. చుక్క పడేచోటికి నేరుగా పైనే పగులు ఉంటుందనుకోకండి. నీరు వాసం వెంట జారి ఎక్కడో కారుతుంది. పట్టపగలు గదిలో దీపాలార్పి పైకి చూస్తే పగులులోంచి వెలుగు కనబడుతుంది. తెరపిచ్చి కప్పు బాగా ఆరాక, నిచ్చెనను కప్పు వాలు మీద పరిచి, జారకుండా కట్టి, దాని మీదే అడుగు వేయండి. పై వరస పెంకును చెక్కముక్కతో కాస్త ఎత్తి, పగిలినదాన్ని తప్పించి, కొత్తదాన్ని దాని ముక్కు రీపరుకు తగులుకునేదాకా పైకి తోయండి.

ప్రశ్న: వానాకాలంలో తలుపు బిగుసుకుపోతోంది. చిత్రిక పట్టించమంటారా? (అమలాపురం)

జవాబు: ఇప్పుడు వద్దు. తేమకు ఉబ్బిన చెక్కను ఇప్పుడు తగ్గిస్తే వేసవిలో సందు పడుతుంది. ముందు బందుల మరలు బిగించండి, తలుపు కుంగి ఉండొచ్చు. తర్వాత గుమ్మానికి సుద్ద రాసి తలుపు వేస్తే, రాసుకునేచోట సుద్ద అంటుతుంది. అక్కడ కొవ్వొత్తి రుద్దండి. ఎండాకాలంలోనూ పట్టేస్తుంటే అప్పుడు చిత్రిక పట్టించి, తలుపు పై అంచుకూ అడుగు అంచుకూ వార్నిష్ వేయించండి. కనబడవని వదిలేసేది ఆ రెండు అంచులనే, తేమ పట్టేదీ అక్కడే.

ప్రశ్న: గోడ అడుగున తెల్లటి పొడి లేచి పెచ్చులూడుతోంది. పుట్టీ పెట్టించినా ఆగలేదు. (రాజోలు)

జవాబు: అది ఉప్పు. నేలలోని తేమ ఇటుకల్లోంచి పైకి పాకి, ఆరేటప్పుడు ఉప్పును వదిలేస్తుంది. ఉప్పునీటితో కట్టిన గోడల్లో ఈ బెడద మరీ ఎక్కువ. పుట్టీ దాన్ని కప్పుతుందే కానీ ఆపదు. పొడి బ్రష్షుతో దులపండి. తడిగుడ్డ పెడితే ఉప్పు కరిగి మళ్లీ లోపలికే పోతుంది. అప్పుడు బయటికెళ్లి చూడండి: చూరునీరు గోడ మొదట్లో పడుతోందా? మొక్కల మట్టి గోడకు ఆనుకుని ఎత్తుగా ఉందా? నీటిని దూరంగా మళ్లించి, మట్టి దించి, ఒక వేసవంతా గోడను ఆరనివ్వండి. అనుమానముంటే ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు ఉంచండి. కాగితం వెనక చెమర్చితే తేమ గోడలోనిది. పైన చెమర్చితే గదిలో గాలి ఆడటం లేదని అర్థం.

ప్రశ్న: ఎంత బిగించినా కుళాయి కారుతోంది. (మలికిపురం)

జవాబు: ఇంకా బిగించకండి, లోపలి సీటు పాడవుతుంది. టాంకు వాల్వు కట్టేసి వాషరు మార్చండి. పావు తిప్పుకే కట్టుకునే రకమైతే లోపలి స్పిండిల్ మొత్తం మార్చాలి. పాతది దుకాణానికి పట్టుకెళ్తే కొలత తప్పదు.

ప్రశ్న: మాది లంక గ్రామం. వరద తీశాక స్విచ్‌బోర్డు తుడుచుకుని కరెంటు వేసుకోవచ్చా? (పి.గన్నవరం)

జవాబు: వద్దండి, ఇది సొంతంగా చేసుకునే పని కాదు. పైకి ఆరినట్టున్నా పైపుల్లో తీగల చుట్టూ నీరు నిలిచే ఉండొచ్చు. ఎలక్ట్రీషియన్ చూసేదాకా మెయిన్ వేయకండి. మీరు చెయ్యగలిగింది వరదకు ముందే ఉంది. ధవళేశ్వరం దగ్గర హెచ్చరికలు మూడు: 11.75, 13.75, 17.75 అడుగులు. మొదటిది రాగానే మెయిన్ ఆపి, మోటారు విప్పించి ఎత్తున పెట్టించండి. ఆ తర్వాత మెయిన్ మళ్లీ వేసుకున్నా, ఇంట్లోకి నీరు రాకముందే, కాళ్లు పొడిగా ఉండగానే ఆపేయండి. 2022 జులైలో గోదావరి మూడో హెచ్చరికనూ దాటింది. ఆ ఏటి నీటి మరక మీ గోడ మీద ఉంటే, ఈసారి బోర్డులు దానికి పైనే బిగించమనండి.