డల్హౌసీ వంశము

స్కాట్లండు రాజధానియగు ఎడింబరో నగరమునకు ఆగ్నేయ దిశను, సౌత్ ఎస్క్ అను చిన్న నది యొడ్డున, ఎఱ్ఱరాతి కోట యొకటి కలదు. అదియే డల్హౌసీ కోట. రామ్సే వంశీయులు శతాబ్దముల తరబడి అందు నివసించిరి. వీరి మూలపురుషుడు 12వ శతాబ్దమున, మొదటి డేవిడ్ రాజు కాలమున, ఇంగ్లండునుండి వచ్చి స్థిరపడెను.

తొలినాళ్లలో ఈ వంశమునకు కీర్తి తెచ్చినవి బిరుదములు కావు; పరాక్రమము. 1338లో ఆంగ్లసైన్యము డన్బార్ కోటను ముట్టడించెను. ఆగ్నెస్ అను వీరవనిత దానిని రక్షించుచుండెను. లోపలివారికి ఆహారము కొఱవడగా, అలెగ్జాండర్ రామ్సే సముద్రమార్గమున పడవలపై భటులను, భోజన సామగ్రిని కోటలోనికి చేర్చెను. ముట్టడి విఫలమయ్యెను. 1342లో రాజు అతనికి అధికారపదవి నొసగగా, విలియం డగ్లస్ అను ప్రభువు అసూయచే అతనిని హెర్మిటేజ్ కోటలో బంధించి, ఆకలితో మాడ్చి చంపెను. ఆకలిగొన్నవారికి అన్నము చేర్చిన వీరుడు అన్నము లేకయే మరణించెను!

పిదప వంశమునకు బిరుదములు లభించెను. 1618లో 'లార్డ్', 1633లో 'ఎర్ల్' బిరుదములు వచ్చెను. పదవ ఎర్ల్ అగు జేమ్స్ రామ్సే 1848లో భారతదేశమునకు గవర్నరు జనరలుగా వచ్చెను. మన చరిత్ర పాఠములలోని డల్హౌసీ ఇతడే. 1849లో పంజాబును ఆక్రమించినందులకు ఇతనికి ఎర్ల్ కంటె నున్నతమైన 'మార్క్విస్' బిరుదము దక్కెను.

హిందూ ధర్మశాస్త్రము ననుసరించి దత్తపుత్రుడు కన్నకొడుకుతో సమానుడు. కాని డల్హౌసీ, కంపెనీకి లోబడిన రాజు కన్నకొడుకు లేక మరణించినచో దత్తునికి రాజ్యము చెల్లదనెను. ఇదియే రాజ్య సంక్రమణ సిద్ధాంతము. ఈ విధముగా 1848లో సతారా, 1854లో ఝాన్సీ, నాగపూరు కంపెనీ వశమయ్యెను. దత్తపుత్రుని పక్షమున ఝాన్సీ రాణి లక్ష్మీబాయి చేసిన విన్నపములు నిష్ఫలమయ్యెను.

1860 డిసెంబరు 19వ తేదీన డల్హౌసీ తన కోటలోనే కన్నుమూసెను. అతనికి ఇద్దరు కుమార్తెలు, కుమారులు లేరు. మార్క్విస్ బిరుదము అతని పురుష సంతతికి మాత్రమే చెందునది. దత్తతచే బ్రిటిషు బిరుదములు సంక్రమింపవు. కావున ఆ బిరుదము పదునొకండు సంవత్సరములకే అంతరించెను. ప్రాచీనమైన ఎర్ల్ బిరుదము మాత్రము దాయాదియగు ఫాక్స్ మాల్‌కు సంక్రమించి, నేటికిని ఆ వంశమున నిలిచియున్నది.

డల్హౌసీ పరులకు పెట్టిన కొలతయే తుదకు తన బిరుదమునకును తగిలెను. అయినను ఆ రెండు నష్టములు సమానములు కావు. అతని వంశము కోల్పోయినది ఒక్క మాట. ఝాన్సీ కోల్పోయినది రాజ్యము. 1857 తిరుగుబాటు పిమ్మట, 1862లో, కానింగు ప్రభువు సంస్థానాధీశుల దత్తత హక్కును అంగీకరించుచు సన్నదుల నొసగెను. తన యింటి ఆచారమును పొరుగింటికి శాసనము చేయువాడు, ఆ పొరుగింటి ధర్మమును ముందు తెలిసికొనవలెను.