ఒకరి పొగ – అందరి ఊపిరి

మానవుడు అన్నము లేక కొన్ని వారములు, నీరు లేక కొన్ని దినములు జీవింపవచ్చును. గాలి లేక కొన్ని నిమిషములకు మించి జీవింపజాలడు. చెడిన అన్నమును విడిచి వేరొకటి తినవచ్చును. మురికి నీటిని కాచి, వడపోసి త్రాగవచ్చును. గాలి విషయమున అట్టి స్వేచ్ఛ లేదు. గదిలో ఏ గాలి యున్నదో దానినే అందులోని వారందరును పీల్చవలయును. కావున నలుగురున్న గదిలో ఒకడు చుట్టగాని, బీడీగాని, సిగరెట్టుగాని కాల్చినచో, అది ఆతని సొంత వ్యవహారము కానేరదు.

ఈ పొగ రెండు విధములు. కాల్చువాడు పీల్చి వదలునది మొదటిది. నిప్పుకొన నుండి తనంతట వెలువడునది రెండవది. రెండును గాలిలో కలిసి ప్రక్కవారి ఊపిరితిత్తులలో ప్రవేశించును. దీనినే పరోక్ష ధూమపానమందురు. నిప్పుకొన నుండి వచ్చు పొగ తక్కువ వేడిమిలో, సరిగా కాలకుండ పుట్టునది. అందుచే కొన్ని విషపదార్థములు, కాల్చువాడు నోట పీల్చు పొగలో కంటె దీనిలోనే అధికముగ నుండును. పొగాకు పొగలో 7,000 కు పైగా రసాయనములు కలవనియు, వానిలో సుమారు 70 క్యాన్సరును కలిగింపగలవనియు శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

ప్రక్కవారి పొగ ప్రాణాంతకము కాగలదని చూపిన వారిలో ముఖ్యుడు జపాను దేశీయుడగు తకేషి హిరయామా. ఆయన పొగ త్రాగని 91,540 మంది గృహిణుల ఆరోగ్యమును పదునాలుగు సంవత్సరములపాటు పరిశీలించి, 1981 లో ఫలితములను ప్రకటించెను. భర్త అధికముగ సిగరెట్లు కాల్చు ఇండ్లలోని స్త్రీలకు ఊపిరితిత్తుల క్యాన్సరు వచ్చు అపాయము, భర్త పొగ త్రాగని ఇండ్లలోని స్త్రీలకంటె ఎక్కువగ నుండెను. భర్త కాల్చు సిగరెట్ల సంఖ్య పెరిగినకొలది భార్యకు అపాయమును పెరిగెను. పొగాకు వ్యాపారులు దీనిని ఆక్షేపించిరి. కాని తరువాత పెక్కు దేశములలో జరిగిన పరిశోధనలు హిరయామా చెప్పినదే నిజమని స్థిరపరచినవి.

ఈ పొగ వలన అందరికంటె ఎక్కువ నష్టము పొందువారు పసిపిల్లలు. వారు పెద్దలకంటె వేగముగ ఊపిరి తీయుదురు. వారి ఊపిరితిత్తులు ఇంకను ఎదుగుచుండును. పొగ కమ్మిన గదిని విడిచి పోవుటకు వారికి కాళ్లు రావు. వలదని చెప్పుటకు మాటలు రావు. ఉబ్బసము, న్యుమోనియా, చెవిపోటు మున్నగు వ్యాధులు ఇట్టి ఇండ్లలోని పిల్లలకు తరచుగ వచ్చును. గర్భిణి ఈ పొగ పీల్చినచో బిడ్డ తక్కువ బరువుతో పుట్టవచ్చును.

కిటికీ తెరచితిమి గదా, ఫ్యాను వేసితిమి గదా యని కొందరందురు. కిటికీ పొగను పలుచన చేయును గాని పూర్తిగ తొలగింపదు. ఫ్యాను దానిని ఒక మూలనుండి మరియొక మూలకు త్రిప్పును. ఇంత పీల్చినచో హాని లేదనదగిన పరిమితి ఏదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించినది. గది లోపల పొగ పుట్టకుండుటయే సరియైన ఉపాయము.

మన దేశమున 2001 నవంబరు 2 వ తేదీన సుప్రీంకోర్టు బహిరంగ స్థలములలో ధూమపానమును నిషేధింప వలయునని ఆదేశించెను. 2003 లో పార్లమెంటు పొగాకు నియంత్రణ చట్టము చేసెను. 2008 అక్టోబరు 2 వ తేదీన, గాంధీజయంతినాడు, క్రొత్త నిబంధనలు అమలులోనికి వచ్చెను. ఆసుపత్రులు, పాఠశాలలు, సినిమాహాళ్లు, రైల్వేస్టేషన్లు, బస్సులు మొదలైన చోట్ల పొగ త్రాగుట నేరము. విద్యాసంస్థలకు నూరు గజములలోపల పొగాకు వస్తువులను అమ్మరాదు.

అయితే చట్టము ఇంటి గడప దాటి లోనికి రాదు. పసిపిల్లలు దినములో ఎక్కువ కాలము గడపునది ఇంటిలోనే. ఉత్తరాంధ్ర తీరమున నిప్పుకొనను నోటిలో నుంచుకొని చుట్ట కాల్చు అడ్డపొగ అలవాటు కొందరు స్త్రీలలో కలదు. మనుమని ఒడిలో నిద్రపుచ్చుచు చుట్ట కాల్చు అవ్వకు ఆ బిడ్డపై ప్రేమ లేక కాదు. ఆ పొగ ఏమి చేయునో తెలియకయే ఆమె అట్లు చేయును. తెలిసినవారు తెలుపుటయే అట్టి ఇండ్లకు రక్ష.

తెలుపుటలోను నేర్పు కావలయును. తాతను, తండ్రిని, మేనమామను నలుగురిలో నిందించినచో వారు నొచ్చుకొందురు, మాట వినరు. ఒంటరిగ నున్నప్పుడు వినయముతో చెప్పవలయును. వ్యసనమును ఒక్కనాట మానుట కష్టము. వైద్యుని సహాయముతో క్రమముగ మానవచ్చును. మానునంతవరకు ఇంటిలోను, వాహనములోను కాల్చకుండ, పిల్లలకు దూరముగ ఆరుబయటికి పోవుమని వేడుకొనవచ్చును. అంతవరకు చెల్లిని, తమ్ముని ఎత్తుకొని పొగకు దూరముగ తీసికొనిపోవుట ఎనిమిదవ తరగతి విద్యార్థికి చేతనైన పనియే.

ఇల్లు ఊడ్చి, ముంగిట కళ్లాపి చల్లి, ముగ్గు పెట్టుట మన ఆచారము. కంటికి కనబడు నేలను అంత శుభ్రముగ నుంచుకొను గృహస్థులు, కంటికి కనబడని గాలిని గూడ అంత శుభ్రముగ నుంచుకొన్నచో ఆ ఇల్లు నిజముగ ఆరోగ్యనిలయమగును.