బాండు పేపరు మీద పాట

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లాలో ఒక పల్లె. పాటలు రాస్తాను, పాడతాను. రెండేళ్ల కిందట నేను రాసి, నేనే వరస కట్టి పాడిన పాటను ఒక యూట్యూబ్ ఛానల్ వాళ్లు రిలీజ్ చేశారు. ఇరవై వేలు ఇచ్చి వంద రూపాయల బాండు పేపరు మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ పాటకు కోటికి పైగా వ్యూస్ వచ్చాయి. డీజేల్లో మోగుతోంది, రీల్స్‌లో తిరుగుతోంది. నాకు మళ్లీ రూపాయి రాలేదు. మొన్న అదే పాటను నా సొంత ఛానల్లో పెట్టుకుంటే స్ట్రైక్ వేశారు. నా పాట మీద నాకిక ఏ హక్కూ లేదా?

జవాబు: ఉందమ్మా. ఆ బాండులో ఏం రాసి ఉన్నా సరే, కొంత హక్కు ఇంకా మీ దగ్గరే ఉంది.

పాట అని మనం ఒక్క మాటలో అనేదాన్ని 1957 నాటి కాపీరైట్ చట్టం నాలుగు ముక్కలుగా చూస్తుంది. మీరు రాసిన మాటలు సాహిత్య రచన. మీరు కట్టిన వరస సంగీత రచన. స్వరాలు కాగితం మీద రాయడం రాకపోయినా, వరస కట్టినవారే దానికి కర్త అని చట్టం ప్రత్యేకంగా చెప్పింది. నాట్లేస్తూ నోటితో అల్లిన వరసకూ, స్టూడియోలో కీబోర్డు ముందు కూర్చుని కట్టిన వరసకూ తేడా లేదు. మూడోది రికార్డింగు. నాలుగోది మీ గొంతు, అంటే గాయనిగా మీకుండే హక్కు. మాటల మీద, వరస మీద హక్కు మీ జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్లు ఉంటుంది. రికార్డింగుకు విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు, గానానికి 50 ఏళ్లు. రిజిస్ట్రేషన్ చేయించినా, చేయించకపోయినా ఇవన్నీ పాటతోపాటే పుడతాయి.

ఈ నాలుగింటిలో మొదటి నుంచే మీది కాకుండా ఉండగలిగింది రికార్డింగు ఒక్కటే. దాన్ని చేయించడానికి పూనుకుని, బాధ్యత తీసుకున్నవారే దాని యజమాని. స్టూడియో అద్దె ఎవరు కట్టారు? కీబోర్డు వాయించినవారికి, మిక్సింగ్ చేసినవారికి డబ్బు ఎవరిచ్చారు? ఛానల్ వాళ్లే ఇచ్చి ఉంటే రికార్డింగు వాళ్లది. కానీ మన దగ్గర చాలామంది గాయకులు అప్పు తెచ్చి సొంత ఖర్చుతో ట్రాక్ చేయించుకుని, తయారైన పాటను తీసుకెళ్లి ఛానల్ చేతిలో పెడుతున్నారు. మీరూ అలాగే చేసి ఉంటే రికార్డింగు కూడా మొదట మీదే. వాళ్లకు చేరిందంటే బాండు ద్వారానే చేరి ఉండాలి. పాత ఫోన్‌పే చెల్లింపులు వెతికిపెట్టుకోండి. ఆ డబ్బు ఎవరి ఖాతా నుంచి వెళ్లిందన్నది రేపు ముఖ్యమైన సాక్ష్యం అవుతుంది.

ఇప్పుడు బాండు దగ్గరికి వద్దాం. 'సర్వహక్కులూ శాశ్వతంగా ఇచ్చేశాను, ఇకమీదట ఎలాంటి సొమ్మూ అడగను' అన్న వాక్యం అందులో ఉండే ఉంటుంది. నేను చూసిన బాండుల్లో చాలావాటిలో ఉంది. అందులో మొదటి సగం చెల్లవచ్చు. రెండో సగం చెల్లదు.

2012 జూన్ 21 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం, మాటలు రాసినవారు, వరస కట్టినవారు తమ కాపీరైట్‌ను ఇంకొకరికి రాసివ్వవచ్చు. కానీ ఆ మాటలకు, ఆ వరసకు వచ్చే రాయల్టీలో కొన్నవారితో సమానంగా వాటా తీసుకునే హక్కును మాత్రం వదులుకోలేరు. దాన్ని వారసులకు ఇవ్వవచ్చు, వసూలు కోసం కాపీరైట్ సొసైటీకి అప్పగించవచ్చు. వేరెవరికి రాసిచ్చినా ఆ రాత చెల్లదని 18వ సెక్షనే చెబుతోంది. సినిమా పాటల విషయంలో థియేటర్లో సినిమాతోపాటు ఆడినప్పుడు ఈ వాటా రాదు. ప్రైవేటు పాటలకు ఆ మినహాయింపు కూడా లేదు. అంటే మీ వీడియోను చట్టం సినిమా కింద లెక్కగట్టినా, ఆడియో కింద లెక్కగట్టినా యూట్యూబ్ మీద మీ వాటా పోదు.

ఒక మాట జాగ్రత్తగా వినండి. ఛానల్ మొత్తం ఆదాయంలో సగం మీదని దీనర్థం కాదు. వీడియోకు, రికార్డింగుకు చెందే భాగం వేరు. మాటలకు, వరసకు చెందే రాయల్టీలో సగం మీది. ఆ మొత్తం ఎంతన్నది లెక్కలు బయటపెడితేనే తేలుతుంది. లెక్కలు అడిగే హక్కు మీకుంది.

ఈ నిబంధన ఊరికే రాలేదు. సినిమా కోసం డబ్బిచ్చి రాయించుకున్న పాటకు తొలి యజమాని నిర్మాతే అని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ తర్వాత ముప్పై అయిదేళ్లు రచయితలు, సంగీత దర్శకులు ఒక్కసారి ఇచ్చిన డబ్బుతోనే సరిపెట్టుకున్నారు. రాజ్యసభ సభ్యుడిగా జావేద్ అఖ్తర్ పట్టుబట్టిన ఫలితం కూడా ఈ సవరణలో ఉంది. ఎఫ్ఎం రేడియోలు రికార్డింగు యజమానికే కాకుండా రచయితకు, స్వరకర్తకు కూడా రాయల్టీ కట్టాలని 2023 ఏప్రిల్‌లో బాంబే హైకోర్టు చెప్పింది. ముంబయి పెద్దవాళ్లు పోరాడి తెచ్చుకున్న ఈ హక్కు జగిత్యాల పాటకూ అంతే వర్తిస్తుంది. మన జానపద గాయకుల్లో దీన్ని అడిగినవారు చాలా తక్కువ, నా బాధంతా అదే.

బాండును మళ్లీ ఒకసారి చదవండి. మీ సంతకం ఉందా? రాతపూర్వకంగా, మీ సంతకంతో ఉంటేనే హక్కు బదిలీ అయినట్టు. ఏ పాట, ఏయే హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతానికి, రాయల్టీ ఎంత అన్నవి అందులో ఉండాలి. కాలం రాయకపోతే అయిదేళ్ల తర్వాత హక్కు మీకు తిరిగివస్తుంది. ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితం. గల్ఫ్‌లో, అమెరికాలో మనవాళ్లు ఈ పాటలు ఎంతగా వింటారో మీకు తెలుసు, ఆ దేశాల హక్కు ఛానల్‌కు చేరనట్టే. సంతకం పెట్టేనాటికి మీకు పద్దెనిమిదేళ్లు నిండకపోతే ఆ ఒప్పందమే చెల్లదు. 'మూడేళ్లు ఇంకే ఛానల్లోనూ పాడకూడదు' లాంటి షరతు ఒప్పందం నడిచినన్నాళ్లే పనికొస్తుంది. గడువు ముగిశాక కూడా కట్టడి చేసే షరతు కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ కింద చెల్లదని 2006లో క్రికెటర్ జహీర్ ఖాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆట అయినా పాట అయినా సూత్రం ఒక్కటే.

వీడియో కింద మీ పేరు ఉందో లేదో కూడా చూడండి. రచయితగా పేరు వేయమని అడిగే హక్కు, మీ పరువుకు నష్టం కలిగేలా పాటను మార్చకుండా ఆపే హక్కు కాపీరైట్ అమ్ముకున్నాక కూడా ఉంటాయి. డబ్బు సంగతి తేలడానికి ఎంతకాలం పట్టినా, పేరు వేయించడం మాత్రం ఒక ఉత్తరంతో కావచ్చు.

మీరు అడిగితే ఛానల్ వాళ్లు ఒక మాట అనవచ్చు: 'ఇది జానపదం, ఎవరి సొత్తూ కాదు.' తరతరాలుగా ఊళ్లలో పాడుకుంటున్న బతుకమ్మ పాట మీద నిజంగానే ఎవరికీ హక్కు లేదు, ఆ ఛానల్‌కూ లేదు. అయితే జానపద బాణీలో మీరు కొత్తగా రాసింది జానపదం కాదు, మీ రచన. పల్లవి పాతదై చరణాలు మీవైతే చరణాలు మీవి. ఇక్కడ నిజాయితీగా ఉండండి. ఏది అమ్మమ్మ దగ్గర విన్నదో, ఏది మీరు కట్టిందో విడదీసి రాసుకోండి. కోర్టులో నిలబడేది ఆ విడదీసిన భాగమే.

ఈ గందరగోళం పెద్ద పాటల్లోనూ ఉంది. గద్దర్ పాటలు జనం పాటలే, కానీ చట్టం లెక్కలో ఆయన రచనలు. ఆయన 2023లో కన్నుమూశారు కాబట్టి వాటి మీద కాపీరైట్ 2083 చివరిదాకా ఉంటుంది. అన్నమయ్య మాటలు ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఈనాడు మనం పాడే వరసల్లో చాలావాటిని నిన్నమొన్నటి విద్వాంసులు కట్టారు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ 1979లో, నేదునూరి కృష్ణమూర్తి 2014లో మరణించారు. వారు కట్టిన వరసలకు కాపీరైట్ గడువు ఇంకా ఉంది. సంకీర్తన ఆల్బం చేసే కుర్రాళ్లు ఈ సంగతి చూసుకోవడం లేదు.

ఇక స్ట్రైక్ సంగతి. మీరు పెట్టింది వాళ్లు చేయించిన ఆడియోనే అయితే, స్ట్రైక్ న్యాయమైనదే కావచ్చు. అలాంటప్పుడు స్ట్రైక్ తప్పంటూ యూట్యూబ్‌కు కౌంటర్ నోటిఫికేషన్ వేయకండి. అది ప్రమాణం చేసి ఇచ్చే ప్రకటన, తప్పు చెబితే మీకే చిక్కు. 90 రోజుల్లో మూడు స్ట్రైకులు పడితే ఛానలే పోతుంది. ఆ వీడియో వదిలేసి రాయల్టీ మీద పట్టు పట్టడం మేలు. మాటలు, వరస మీరు రాసివ్వలేదని బాండు చెబుతుంటే, మీరు కొత్తగా ట్రాక్ చేయించి పాడిన పాట మీద స్ట్రైక్ పడితే, అప్పుడు ధైర్యంగా కౌంటర్ వేయండి. పది పనిదినాల్లో అవతలివాళ్లు కోర్టుకు వెళ్లినట్టు ఆధారం చూపకపోతే యూట్యూబ్ వీడియోను తిరిగి పెడుతుంది. స్ట్రైక్ వేరు, కంటెంట్ ఐడీ క్లెయిమ్ వేరు. క్లెయిమ్ వల్ల ఛానల్‌కు ముప్పు లేదు, ఆ వీడియో మీద వచ్చే డబ్బు మాత్రం క్లెయిమ్ వేసినవారికి పోతుంది. దాన్ని డిస్‌ప్యూట్ చేస్తే వాళ్లు 30 రోజుల్లో జవాబివ్వాలి.

సొంత ఛానల్ పెట్టుకోవడం మాత్రం మంచి పని. క్యాసెట్ల కాలంలో కంపెనీ గడప తొక్కకుండా పాట బయటికి వచ్చేది కాదు. ఇప్పుడు మీరే డిస్ట్రిబ్యూటర్ ద్వారా స్పాటిఫై, జియోసావన్‌లలో పెట్టుకోవచ్చు. కానీ వ్యూస్ కోసం సినిమా పాటల కవర్లు పెట్టకండి. 'హక్కులన్నీ అసలు యజమానులవే, వినోదం కోసమే' అని కింద రాసినంత మాత్రాన అనుమతి వచ్చినట్టు కాదు. కవర్ వెర్షన్లకు చట్టంలో ఒక దారి ఉంది. అసలు పాట రికార్డయి అయిదేళ్లు గడవాలి, ఏడాదికి కనీసం 50,000 కాపీల లెక్కన రాయల్టీ ముందే కట్టాలి. చిన్న గాయకులకు అది దారి కాదు. స్టేజి షోలకు లైసెన్సు తీసుకోవలసింది నిర్వాహకులు. 2017లో అమెరికా పర్యటనలో ఉన్న ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారికే ఇళయరాజా నుంచి నోటీసు వెళ్లింది. కాబట్టి ఒప్పుకునే ముందు లైసెన్సు తీసుకున్నారా అని అడగండి.

మీరు వెంటనే చేయవలసింది ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం. 1969లో మొదలైన ఈ సంస్థ రచయితలు, స్వరకర్తల తరఫున రాయల్టీ వసూలు చేస్తుంది. 2017లో ప్రభుత్వం దీన్ని కాపీరైట్ సొసైటీగా మళ్లీ నమోదు చేసింది. సభ్యత్వం తీసుకుని ఊరుకోకండి, ప్రతి పాటనూ మీ పేరు మీద నమోదు చేయండి. నమోదు కాని పాటకు వచ్చిన డబ్బు మిమ్మల్ని వెతుక్కుంటూ రాదు. గాయకుల హక్కులకు ఐసామ్రా అనే మరో సొసైటీ ఉంది. కాపీరైట్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ, చేయించుకుంటే సాక్ష్యంగా నిలుస్తుంది. మాటలకు 500, వరసకు 500, రికార్డింగుకు 2,000 రూపాయల రుసుము. ఏజెంటు అక్కర్లేదు, ఆన్‌లైన్‌లోనే పెట్టుకోవచ్చు.

ఆ తర్వాత లాయరు ద్వారా ఛానల్‌కు నోటీసు. బాండు ప్రతి, ఈ పాట మీద వచ్చిన ఆదాయ లెక్కలు, 18వ సెక్షన్ ప్రకారం మీ వాటా, మీ పేరు, ఈ నాలుగూ అడగండి. బాండు కాపీ మీ దగ్గర లేకపోతే అదే మొదటి కోరిక. ఛానల్ ఆఫీసు హైదరాబాద్‌లో ఉన్నా, మీ కాపీరైట్‌ను ఉల్లంఘించారన్న దావాను మీరు నివసించే చోట జిల్లా స్థాయి కోర్టులోనే వేయవచ్చని 62వ సెక్షన్ చెబుతోంది. విలువ మూడు లక్షలు దాటితే, అత్యవసర ఉత్తర్వులు అడగని పక్షంలో ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లాలి. ఇలాంటి గొడవలు అక్కడే తేలితే ఇద్దరికీ మంచిది. వాట్సాప్ సందేశాలు, మొదటిసారి ఫోన్‌లో పాడి రికార్డు చేసుకున్న ఫైళ్లు చెరిపేయకండి, ఫోన్ మార్చకండి.

లాయరుకు ఇవ్వడానికి డబ్బు లేదని ఆగిపోవద్దు. మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. జగిత్యాల కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

పాట రిలీజై రెండేళ్లయిందని రాశారు. ఇలాంటి సొమ్ము కోసం దావా వేయడానికి గడువు సాధారణంగా మూడేళ్లు. నోటీసు పంపినంత మాత్రాన ఆ గడువు ఆగదు. ఈ నెలలోనే కదలండి.